రెండో సంతకం

నారాయణగూడ చౌరస్తా నుంచి వెంటబడిన బూడిదరంగు స్కూటర్ చిక్కడపల్లి దాటేసరికి కనబడకుండా పోయింది. హమ్మయ్య అనుకుంది డిటెక్టివ్ జ్యోత్స్న. తీరా అశోక్‌నగర్‌లో ఆటో దిగి చూస్తే, అది తమకంటే ముందే వచ్చి జిరాక్స్ షాపు నీడలో నిలబడి ఉంది. దాని మీద హెల్మెట్ తీయని మనిషి ఒకడు కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

వెంటపడేవాడు వెనకనుంటే ఒక రకం భయం. మనం ఎక్కడికి పోతున్నామో ముందే తెలుసుకుని వచ్చి కూర్చుంటే అది ఇంకో రకం. మొదటిదానికి నడక పెంచితే చాలు. రెండోదానికి జ్యోత్స్న దగ్గర మందు లేదు. ఇరవై ఏళ్ల వృత్తిలో ఆమెకు ఇలా ఎదురవడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ చివరికి శవాలే దొరికాయి.

"అక్కా, గదే బండి," అంది పక్కనున్న ప్రేమ.

"చూడకు. మెట్లెక్కు."

"వాడు మనల్నే జూస్తున్నడా?"

"హెల్మెట్ పెట్టుకున్నోడు ఎటు చూస్తున్నాడో వాడి పెళ్లానికి కూడా తెలియదు. ఎక్కు ముందు."

గురువారం, మధ్యాహ్నం రెండూ పది.

ప్రేమ అన్న భాను సోమవారం పొద్దున ఏడింటికి టీ తాగొస్తానని హాస్టల్లో చెప్పి వెళ్లాడు. ఇంతవరకూ రాలేదు. ఫోన్ స్విచాఫ్. అంతకు ముందురోజు, అంటే ఆదివారం, త్రిపుటి సాఫ్ట్‌వేర్ అనే కంపెనీలో పనిచేసే రాజశేఖర్ లోయర్ ట్యాంక్ బండ్ నాలాలో తేలాడు. కాలుజారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. శనివారం రాత్రి ఆ రాజశేఖరే భానుకు ఫోన్ చేసి ఏడ్చాడని ప్రేమకు తెలుసు. "నీ పేరు చెరిపింది నేనే బ్రదర్. ఎప్పుడు తీసుకున్నమో, ఏం మార్చినమో అంతా రాసిస్త" అన్నాడట. రాసివ్వడానికి మనిషే మిగల్లేదు.

భాను పాలమూరు నుంచి గ్రూప్స్‌కు చదవడానికి వచ్చినవాడు. ఆరుగురుండే గదిలో ఒక మూల కూర్చుని, ఓఎంఆర్ షీటును ఫోటో తీస్తే నింపిన గుండ్రాలను చదివి మార్కులు చెప్పే ప్రోగ్రాం ముక్క రాశాడు. ఇలాంటి ముక్కను ఆ వృత్తివాళ్లు లైబ్రరీ అంటారు. అందులో పుస్తకాలేం ఉండవు. ఎవరో రుబ్బి పెట్టిన ఇడ్లీపిండి లాంటిదది. ఎవరైనా తీసుకెళ్లి తమ పాత్రలో ఇడ్లీలు వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రుబ్బినవాడు పెట్టిన షరతు పాటిస్తే చాలు.

జనవరిలో భాను షరతు ఒక్కటే: నా పేరు ఉంచండి. ఏప్రిల్ రెండున కొత్త ప్రతి పెడుతూ షరతు బిగించాడు. లోపలి రాత ఎవరికీ చూపకుండా తాళం వేసిన మీ సాఫ్ట్‌వేర్‌లో కలిపి అమ్ముకోండి, వద్దనను. కానీ నా పేరూ, ఈ షరతుల కాగితమూ జతచేయాలి. నా ముక్కలో మీరేం మార్చినా ఆ రాత కొన్నవాళ్లకు ఇవ్వాలి. పాత ప్రతి తీసుకున్నవాళ్లకు పాత షరతు, కొత్తదానికి కొత్తది.

భాను ముక్కను తమ సాఫ్ట్‌వేర్‌లో కలుపుకున్న త్రిపుటి వాళ్లు పేరూ పెట్టలేదు, కాగితమూ పెట్టలేదు. అడిగితే, "మార్చిలో తీసుకున్నాం, పాత షరతే, పేరు పెడతాంలే" అన్నారు. రేపు, శుక్రవారం సాయంత్రం అయిదింటికి, వాళ్లు ఆ సాఫ్ట్‌వేర్‌ను ఇంకో పెద్ద కంపెనీకి మొత్తంగా అమ్మేస్తున్నారు. కొనేవాళ్లు లోపల ఎవరి రాత ఉందో, ఏ షరతు మీద ఉందో అన్నీ కాగితం మీద చూపమన్నారు.

కాబట్టి తేల్చాల్సింది ఒక్కటే. మార్చిలో తీసుకున్న పాత ప్రతా, ఏప్రిల్‌లో పెట్టిన కొత్త ప్రతా? జవాబు తెలిసిన ఒక మనిషి చచ్చిపోయాడు. ఇంకో మనిషి మాయమయ్యాడు. భాను ఇంటర్నెట్‌లో అందరికీ కనబడేలా పెట్టిన పేజీ కూడా సోమవారం రాత్రికల్లా మాయమైంది. ప్రేమకు అన్న ట్రంకుపెట్టెలో దొరికింది షరతుల మొదటి కాగితం మాత్రమే. రెండోది లేదు.

త్రిపుటి సాఫ్ట్‌వేర్ కొన్న మెట్లదారి స్టడీ సర్కిల్ పేరుకు తగ్గట్టే మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. కంప్యూటర్ ఇన్‌చార్జి దాసయ్య తలుపు జానెడు తీసి, ఇద్దరినీ లోపలికి లాగినంత పనిచేసి, గడియ పెట్టాడు. వేసినవాడే వెనక్కి తిరిగి గడియ పడిందా లేదా అని మళ్లీ చూసుకున్నాడు.

"జల్ది కానియ్యుండ్రి మేడం. మూడింటికి పిల్లలొస్తరు."

"ఈ సాఫ్ట్‌వేర్ ఎప్పుడు పెట్టారు దాసయ్యగారూ?"

"మార్చిల."

"మార్చిలో ఎప్పుడు?"

"పదిహేనో, పదహారో. మార్చి అంటే మార్చినే."

"పెట్టిందెవరు?"

"రాజశేఖర్ సార్." అని నాలుక కరుచుకున్నాడు. ఆ పేరు పలికాక గదిలో ఫ్యాను చప్పుడు పెద్దదైనట్టనిపించింది.

జ్యోత్స్న కుర్చీలో కూర్చుని కీబోర్డు మీద వేలు పెట్టింది. వేలు ఎత్తితే మీట కూడా వేలితోపాటు లేచింది. జడలోంచి పిన్ను తీసి ఆ మీటను పైకి లేపింది. కింద గోధుమరంగు జిగురు, అందులో నల్లటి పలుకు. వాసన చూసింది.

"బెల్లం. మిరియాలు. ఏలకులు కాస్త ఎక్కువే పడ్డాయి," అంది. "పానకం ఎప్పుడు ఒలికింది దాసయ్యగారూ?"

దాసయ్య ముఖం పాలిపోయింది. "కొత్త మిషన్, సాఫ్ట్‌వేర్ ఒక్కదినమే పెట్టిన్రు గద మేడం... పసుపు కుంకుమ పెట్టి, గుళ్లకెళ్లి తెచ్చిన పానకం ముంగట పెట్టిన. కొబ్బరికాయ కొట్టంగ చెయ్యి తగిలింది."

"శ్రీరామనవమి మార్చి పదిహేనుకు వచ్చిందా ఈ యేడు?"

దాసయ్య కిటికీ వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. చివరికి నేల వైపు చూస్తూ చెప్పాడు. "ఏప్రిల్ పదిహేడు."

"మార్చి అని ఎవరు చెప్పమన్నారు?"

"మంగళారం ఫోనొచ్చింది. తిట్టలేదు మేడం, కొడతమనలేదు. మర్యాదగనే మాట్లాడిన్రు. 'మీ అమ్మాయి విద్యానగర్‌లో ఏ బస్సు ఎక్కుతుందో మాకు తెలుసండీ' అన్నరు. గంతే. పెట్టేసిన్రు."

ప్రేమ చున్నీ కొసను గట్టిగా పట్టుకుంది. బెదిరింపులో గౌరవవాచకాలు పెరిగేకొద్దీ పనివాడు ఆరితేరినవాడని జ్యోత్స్న అనుభవం.

అయినా తేదీ ఒక్కటే సాక్ష్యం కాదు. ఏప్రిల్‌లో పెట్టినా పాత ప్రతే పెట్టామనొచ్చు వాళ్లు. అందుకు ప్రేమ దగ్గర ఒక ముగ్గుంది.

ఏప్రిల్ తొమ్మిదిన భాను తన ముక్కలో ప్రేమకు తప్ప ఎవరికీ చెప్పకుండా ఒక తమాషా దాచాడు. షీటులో మొదటి ఏడు ప్రశ్నలకు గుండ్రాలను ముగ్గు చుక్కల్లా నింపితే, మార్కులకు బదులు భాను మాట కనబడుతుంది. పరీక్ష రాసేవాడెవడూ ఒకే ప్రశ్నకు నాలుగు గుండ్రాలూ నింపడు కనుక పొరపాటున కూడా బయటపడదు. ఆ ముగ్గు ఇంటి ముందు ప్రేమ వేసేదే. "అన్న రాస్తుంటే నేను పక్కన కూసొని తప్పులు దిద్దేదాన్ని అక్కా. ఒకరోజు నీ ముగ్గు గూడ ఇండ్ల పెడుతున్న అన్నడు," అని చెప్పింది ఆటోలో. ముగ్గు కనబడితే అది ఏప్రిల్ ప్రతే. దానికిక తిరుగులేదు.

"షీటు ఎక్కిస్తే కంపెనీకి తెలుస్తుందా?"

"తెలుస్తది మేడం. ఎక్కించిన షీటు ఎక్కించినట్టే వాళ్ల కంప్యూటర్‌కు పోతది. మార్కుల లెక్కంతా ఆడనే."

జ్యోత్స్న ఆలోచించింది. ముగ్గు సంగతి తెలిస్తే తెలియనీ. వాళ్లు తేరుకునేలోపు తెరకు ఫోటో తీసుకుని బయటపడొచ్చు. ప్రేమ నల్ల పెన్ను తీసి చుక్కలు నింపడం మొదలుపెట్టింది. మొదటి వరుస నాలుగూ, రెండో వరుస మధ్యవి రెండూ. ఒక్క చుక్కా గుండ్రం దాటి పోవడం లేదు. నాలుగేళ్లుగా పరీక్షలు రాస్తున్న చెయ్యి అది.

"పేరు గడి ఖాళీగ ఇడవకు బిడ్డా," అన్నాడు దాసయ్య. "పేరు లేకుంటే మిషన్ షీటును ఉమ్మేస్తది."

"పేరు ఏం రాయాలె అక్కా?"

జ్యోత్స్న జవాబిచ్చేలోపు తలుపు మీద దబదబ చప్పుడైంది. ముగ్గురూ బిగుసుకుపోయారు.

"జ్యోత్స్నమ్మా! లోపలున్నవని ఎరుకే. చెప్పులు గుమ్మం ముందర ఇడిచి దాక్కునే డిటెక్టివ్‌ను నిన్నే జూసిన."

గొంతు పోల్చుకుని జ్యోత్స్న ఊపిరి వదిలింది. "ఏదో ఒకటి రాయి," అంది ప్రేమతో. "మిషన్ నోరు మూయించడానికేగా." ఆమె బయటికి వెళ్లి వెనకే తలుపు దగ్గరగా వేసింది. రెండూ ముప్ఫై అయిదు.

రమాకాంత్ ఒకప్పుడు సబ్‌ఇన్‌స్పెక్టర్. ఇప్పుడు కంపెనీలకు మనుషులను వెతికిపెడతాడు. రెండేళ్ల కిందట సుల్తాన్ బజార్ చీరల దుకాణం కేసులో అతను పట్టించిన మనిషిని జ్యోత్స్న విడిపించింది. అప్పటినుంచి ఆమెను చూస్తే అతని మీసం ఒక పక్కకు లేస్తుంది.

"వంటిల్లు ఇడిచి ఇంత దూరమొచ్చినవా?"

"కుక్కర్ పెట్టొచ్చాను. మూడు కూతల్లో మీ సంగతి తేల్చి పోతాను. నా వెనక స్కూటర్ మనిషిని ఎందుకు పెట్టారు?"

"స్కూటర్ ఏంది? నా కార్ల నేనొచ్చిన. మనుషుల్ని పెట్టే తాహతు నాకుంటే ఈ మూడంతస్తులు నేనెక్కుతనా?"

అబద్ధమాడేటప్పుడు రమాకాంత్ మీసం తడుముకుంటాడు. ఇప్పుడు అతని చేతులు జేబుల్లోనే ఉన్నాయి. అతను నిజం చెప్పినందుకు జ్యోత్స్న మొదటిసారి బాధపడింది.

"భాను ఎక్కడ?"

"నాకేమెరుక? త్రిపుటోళ్లు నాకు అప్పజెప్పింది భానును గాదు. అయినా పిలగాడు అందరికి ఫ్రీగ పెట్టిండు. పెట్టినంక మళ్ల షరతులేంది, పంచాయితేంది?"

"ఎండాకాలం చలివేంద్రం పెడతారు చూడండి, అక్కడ నీళ్లు ఫ్రీయే. తాగండి, సీసాలో నింపుకుపోండి. కుండే ఎత్తుకుపోయి, దాని మీద పెట్టినవాళ్ల పేరు గీకేసి, మూతకు తాళం వేసి 'మా కుండ' అంటే?"

"సరే, తప్పే అనుకో. పెద్దమనుషుల్లెక్క దిద్దుకుందామనే గద మావోళ్లు చూస్తున్నరు." జేబులోంచి మడిచిన కాగితం తీసి ఆమె ముఖం ముందు విప్పాడు. "ఈమె ఎవరో చెప్పు. నా పని అయితది, నీ దారిన నువ్వు పో."

అది షరతుల రెండో కాగితం. ప్రేమకు దొరకనిది. రాసినవారు అని ఉండి, కింద రెండు పేర్లున్నాయి. 'భాను: మొత్తం. బాలనాగమ్మ: వంకరగా దిగిన షీటును సరిదిద్దే భాగం.'

"పాలమూరు పొంటి బాలనాగమ్మలు పదకొండుమంది దొరికిన్రు," అన్నాడు రమాకాంత్. "అందరు ముసలోళ్లే. ఒకామె నా ఫోన్ జూసి ఇది టీవీయా అనడిగింది. ఈమె ఏడుందో నీకు ఎరుకున్నట్టుంది."

"తెలుసు," అంది జ్యోత్స్న. తెలియదు. "ఆమెతో ఏం పని?"

"సంతకం. రాసినోళ్లు తలుచుకుంటే ఎవరికైన వేరే షరతుల మీద రాసియ్యొచ్చు. పేరొద్దు, కాగితమొద్దు అని. అది కానూన్ల ఉన్నదే. కాని ఇద్దరు రాసిన్రంటే ఇద్దరూ చెయ్యాలె. ఒక్క సంతకం చిత్తు కాగితం."

"ఆమె భాగం తీసేసి కొత్తగా రాసుకోవచ్చుగా?"

"రేపు అయిదింటిలోపలనా? అది రాయగలిగినోడు ఒక్కడే ఉండె. వాడు నాలాల..." రమాకాంత్ ఆగిపోయాడు. తన నోట్లోంచి ఏం రాబోయిందో తనకే అప్పుడు వినబడినట్టు.

జ్యోత్స్న మెట్ల కమ్మీ పట్టుకుంది. ఇనుము చల్లగా తగిలింది. మూడు రోజులుగా ఆమెకు అంతుబట్టనిది ఒక్కటే: భానును తీసుకుపోయినవాళ్లు అతన్ని ఏం చేశారు? ఇప్పుడు అంతుబట్టింది.

"రమాకాంత్ గారూ, ఒక్కటి చెప్పండి. రెండు సంతకాలూ పడ్డాక, ఆ చేసిన ఇద్దరూ ఎవరికి అక్కర? బయటికొచ్చి 'మమ్మల్ని కట్టేసి చేయించారు' అంటారు కదా. అననిస్తారా? భాను ఇవాళ్టికి బతికున్నాడంటే, అతని పేరు కింద ఒక గీత ఖాళీగా ఉండబట్టి. ఆ గీత మీరు నింపిపెడుతున్నారు."

"ఊకో. చంపేటోళ్లు గాదు. ఓనరు సూర్యనారాయణమూర్తి గారు పెద్దమనిషి. చీమను గూడ 'అండీ' అంటడు."

'ఏ బస్సు ఎక్కుతుందో మాకు తెలుసండీ.' దాసయ్యకు ఫోన్లో వినబడింది ఈ 'అండీ'యే.

లోపలినుంచి ప్రేమ కేక వినబడింది. భయపడ్డ కేక కాదు. జ్యోత్స్న తలుపు తోసుకుని వెళ్లింది. రమాకాంత్ ఆమె భుజం మీదుగానే వచ్చేశాడు. ఆపే తీరికా లేదు, బలమూ లేదు.

తెర మీద మార్కులు లేవు. చుక్కల ముగ్గు ఉంది, దాని కింద రెండు ముక్కలు.

'ఈ వాకిలి భానుది. ముగ్గు తొక్కకండి.'

"అన్న రాసిందే అక్కా, అన్న రాసిందే," ప్రేమ ఏడుస్తూ నవ్వుతోంది. "పేరు చెరిపిన్రు గాని ముగ్గు చెరపలే."

ఏప్రిల్ ప్రతి. తేలిపోయింది. జ్యోత్స్న ఫోన్ తీసి ఫోటో కోసం తెర మీదికి వంగింది. ఫోటోలో మసకగా పడుతుందేమోనని పైభాగం కూడా వచ్చేలా జరిపింది. అప్పుడు కనబడింది. ముగ్గు పైన, ఎడమ మూలన, షీటు నింపిన మనిషి పేరు.

బాలనాగమ్మ.

"ప్రేమా, ఈ పేరు ఎందుకు రాశావు?"

"నా పేరే గద అక్కా." ప్రేమ కళ్లు తుడుచుకుంది. "మా నాయనమ్మ పేరు. బడిల ఏసినప్పుడు మా నాయిన గదే రాయించిండు. ఇంట్ల ప్రేమ అంటరు. నువ్వు ఏదో ఒకటి రాయమన్నవు. చెయ్యి అలవాటు మీద పోయింది. షీటు మీద టెన్త్ మెమోల ఉన్న పేరే రాయాలె గద, లేకుంటే చెల్లదు."

"ఫోటో వంకరగా దిగితే సరిచేసేది... అది నువ్వు రాశావా?"

"అన్న లెక్క తప్పుతుంటే నేను దిద్దిన. ఆరేడు దినాలు పట్టింది. గది గూడ రాసినట్టేనా?"

రాసినట్టే. అన్న చెల్లెలికి చెప్పకుండా, చెల్లెలి సర్టిఫికెట్లో పేరు చూసి మరీ, న్యాయంగా నమోదు చేశాడు. ముసలమ్మల కోసం పాలమూరంతా తిరిగినవాడు ఇప్పుడు ఆ పిల్లకు రెండడుగుల దూరంలో నిలబడి, తెర వంకా ఆమె వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. చేతిలో ఫోన్ ఉంది.

"రమాకాంత్ గారూ," అంది జ్యోత్స్న. "మీకు ఇద్దరు ఆడపిల్లలు."

రమాకాంత్ మీసం తడుముకోలేదు. తరువాత ఫోన్‌ను జేబులో వేసుకున్నాడు. "నేనేం చూడలే," అన్నాడు. "నేను మీది దాంక ఎక్కలే. మోకాళ్ల నొప్పి. ఎనక మెట్లున్నయా దాసయ్యా? ఈ పిల్లను నా కార్ల దించుతా. నేనైతే చెప్పను."

జ్యోత్స్న అతని చేతులు చూసింది. నిజమే చెప్తున్నాడు.

"నువ్వు చెప్పుడేంది సార్?" అన్నాడు దాసయ్య మెల్లగా. అతని కళ్లు తెర కింది మూలన ఉన్న చిన్న పచ్చగుర్తు మీదున్నాయి. "షీటు పోయింది గద. పేరుతోటే పోతది. రెండూ నలభై ఒకటికి ముట్టిందని చూపెడుతున్నది."

గోడ గడియారం రెండూ నలభై ఏడు చూపిస్తోంది. ఆరు నిమిషాలు. ముగ్గు వాళ్లకు తెలిస్తే తెలియనీ అనుకుంది తను. పేరు గురించి అనుకోలేదు. వృత్తిలో ఇరవై ఏళ్లు, తప్పింది ఒక్క గడి దగ్గర.

ప్రేమ చేతిలో ఫోన్ మోగింది.

తెర మీద 'అన్న' అని ఉంది. మూడు రోజులుగా స్విచాఫ్‌లో ఉన్న నంబరు. ప్రేమ జ్యోత్స్న ఆపేలోపే ఎత్తింది, వేలు తగిలి స్పీకర్ పడింది. "అన్నా! యాడున్నవే?"

అవతల మెత్తటి, పెద్దమనిషి గొంతు.

"బాలనాగమ్మ గారేనా అండీ? నమస్కారం. మిమ్మల్ని వెతుకుతూ పాలమూరంతా తిరిగారండీ మా వాళ్లు. మీ అన్నయ్యగారి సంతకం ఇందాకే అయిపోయింది. ఆయన పక్కన మీ గీత ఒక్కటే మిగిలింది. కంగారేమీ లేదు, మీరు మెట్లు దిగక్కర్లేదండీ."

ఫోన్ ఆగిపోయింది.

రమాకాంత్ కిటికీ దగ్గరికి వెళ్లి కిందికి చూశాడు. జిరాక్స్ షాపు నీడలో బూడిదరంగు స్కూటర్ అలాగే ఉంది. సీటు మీద హెల్మెట్ ఉంది.

మనిషి లేడు.